మూత వేసిన ట్యాంకులోంచి ఏం కనబడుతుంది?

విశాఖ బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర ఒక ట్యాంకు ఉంటుంది. 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళం గెలుపుకు గుర్తుగా 1996లో కట్టిన స్మారకం అది. సాయంత్రం పూట వచ్చే పెద్దవాళ్లు ఫిరంగి గొట్టం పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. అసలు ప్రశ్న వేసేది పిల్లలే: ‘‘నాన్నా, దీనికి కిటికీల్లేవేటి? లోపలోళ్లకి బయటెలా కనబడతాది?’’ నాన్న దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది: ‘‘పెరిస్కోప్ ఉంటాదిరా. కురుసురలో చూసినావు కదా, అలాంటిదే.’’

ఆ జవాబు సగమే నిజం. అదే రోడ్డులో నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. దాని పెరిస్కోప్ పొడవాటి గొట్టం. లోపల కటకాలు వరసగా ఉండి, పైన పడిన దృశ్యాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ కిందికి దింపుతాయి. ఒక మనిషి దాన్ని పైకి లేపి, గబగబా ఓ చుట్టు తిప్పి చూసి, మళ్లీ దించేస్తాడు. మిగతా సమయమంతా జలాంతర్గామి చెవులతో బతుకుతుంది. నీళ్లలో శబ్దం చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టి గంటల తరబడి చూపు లేకపోయినా దానికి ఇబ్బంది లేదు.

ట్యాంకుకు ఆ వెసులుబాటు లేదు. సొంత ఇంజిను, గొలుసు చక్రాల మోతలో చెవులు పనికిరావు. శత్రువు ఎదురుగానే ఉంటాడన్న నమ్మకం లేదు. పక్కనున్న పొదలో, వెనకనున్న ఇంట్లో, చక్రాల కింది కందకంలో ఎక్కడైనా ఉండొచ్చు. పైగా ట్యాంకు సిబ్బందికి ఒక్కసారే మూడు రకాల చూపు కావాలి. బండి నడపడానికి దారి కనబడాలి. శత్రువు ఎక్కడున్నాడో వెతకడానికి చుట్టూ కనబడాలి. దొరికాక గురిపెట్టడానికి ఒక్క చోటే దగ్గరగా, స్పష్టంగా కనబడాలి. ఈ మూడింట్లో కష్టమైనది నడిమిది. యుద్ధకాలపు ట్యాంకుల చరిత్ర చదివితే నాకు అర్థమైంది ఇదీ: గురి చూసే గాజు కోసం అన్ని దేశాలూ డబ్బు పోశాయి. వెతికే పనికి మాత్రం, గాజుతోపాటు తీరికగా కూర్చున్న ఒక మనిషి కావాలని కొన్ని దేశాలకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

మొదటి నుంచీ చూద్దాం. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో ఫ్లెర్స్–కూర్సెలెట్ దగ్గర బ్రిటిష్ మార్క్ 1 ట్యాంకులు తొలిసారి యుద్ధంలోకి దిగాయి. లోపల ఎనిమిది మంది. వాళ్ల మధ్యలోనే, ఏ అడ్డుగోడా లేకుండా, 105 హార్స్‌పవర్ ఇంజిను. పొగ, వేడి, పెట్రోలు వాసన. చూపంటే ఇనుప రేకులో కోసిన సన్నటి చీలికలే. తూటా రేకుకు తగిలి పగిలితే కరిగిన సీసం తుంపరలు, ఇనుప రవ్వలు ఆ చీలికల్లోంచి నేరుగా లోపలికి చిమ్మేవి. అందుకని సిబ్బందికి ముసుగులు ఇచ్చారు. పైన తోలు, లోపల లోహం, కళ్ల దగ్గర మళ్లీ సన్నటి గాట్లు, నోటి మీదికి వేలాడే ఇనుప గొలుసుల తెర. చీలికలోంచి చూడటమే కష్టమైతే, ముసుగు చీలికలోంచి ట్యాంకు చీలికను వెతుక్కుని, దాంట్లోంచి బయటి బురదను చూడాలన్నమాట. అరిచినా వినబడదు కాబట్టి ఇంజిను మూత మీద స్పానరుతో కొట్టి సైగలు చేసుకునేవారు. బాంబు గుంతల మధ్య దారి కనబడక అధికారి కిందికి దిగి, తూటాల మధ్య ట్యాంకు ముందు నడుస్తూ దారి చూపించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

చీలికకు మొదటి విరుగుడు మందపాటి గాజు దిమ్మ. పొరలు పొరలుగా అతికించిన గాజును చీలిక వెనక బిగిస్తే రవ్వలు ఆగుతాయి. కానీ పెద్ద తూటా తగిలితే గాజు మీద సాలెగూడులా పగుళ్లు వచ్చి చూపు పోతుంది. కంటికీ తూటాకూ మధ్య ఉన్నది ఆ గాజే. పెరిస్కోప్ గొప్పతనం ఇక్కడే ఉంది. అది చూపు దారిని వంచుతుంది. ట్యాంకు కప్పు మీద ఒక అద్దం, లోపల కంటి ఎదుట ఇంకో అద్దం, రెండూ 45 డిగ్రీల కోణంలో ఉంటాయి. వెలుతురు మలుపు తిరిగి లోపలికి వస్తుంది. తూటాకు మలుపు తిరగడం రాదు. పెరిస్కోప్ తల పగిలితే లోపలి నుంచే లాగి పారేసి, పెట్టెలోంచి ఇంకోటి తీసి పెట్టుకోవచ్చు. అమెరికన్ షెర్మన్ ట్యాంకు సామాను జాబితాలో విడి పెరిస్కోప్ తలలు ఉండేవి.

అద్దం బదులు గాజు పట్టకం వాడితే ఇంకా మేలు. మామూలు గాజులో వెలుతురు దాదాపు 42 డిగ్రీల కన్నా ఎక్కువ ఏటవాలుగా తగిలితే బయటికి పోకుండా పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. పదో తరగతి పుస్తకంలో ‘సంపూర్ణాంతర పరావర్తనం’ అని బట్టీ పట్టింది ఇదే. 45 డిగ్రీలు ఆ హద్దు దాటే ఉంది కాబట్టి వెండి పూత అక్కర్లేదు, తుప్పు పట్టేదేమీ లేదు. అయితే ఒక చిక్కు. పెరిస్కోప్ పొడవు పెరిగేకొద్దీ కనబడే మేర తగ్గుతుంది, పొడవాటి గొట్టంలోంచి చూసినట్టే. అందుకే ట్యాంకు పెరిస్కోపులు పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి. ఒక్కటి చాలదు కాబట్టి చుట్టూ అరడజను పెట్టాల్సి వస్తుంది.

లేదా ఒక్కదాన్నే తిప్పాలి. తిప్పితే చూసేవాడు కూడా దాంతోపాటు తిరగాలి. ఆ ఇరుకులో వెనక్కి తిరిగి కూర్చోవడం కుదిరే పని కాదు. ఈ ముడిని విప్పినవాడు పోలండ్ ఇంజినీరు రుడాల్ఫ్ గుండ్లాఖ్. 1936లో ఆయన పేటెంట్ తీసుకున్న పెరిస్కోపులో ఇంకో పట్టకం అదనంగా ఉంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా వెనక వైపు కూడా చూడొచ్చు. పోలండ్ దీన్ని బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీకి ఇచ్చింది. వాలెంటైన్, క్రూసేడర్, చర్చిల్ ట్యాంకులకు అది ఎక్కింది. యుద్ధంలో సాయంగా బ్రిటన్ పంపిన ట్యాంకుల్లో దాన్ని చూసి సోవియట్లు ఎంకే-4 పేరుతో నకలు చేసుకున్నారు. ఒక చిన్న దేశపు ఇంజినీరు గీసిన బొమ్మ అలా సగం ప్రపంచపు ట్యాంకుల్లోకి చేరింది. తయారు చేసిన దేశం మాత్రం 1939లోనే శత్రువుల చేతిలో పడిపోయింది.

ఇక తీరిక సంగతి. 1940లో ఫ్రెంచి సోమువా ట్యాంకు కవచంలో, ఫిరంగిలో జర్మన్ ట్యాంకులకు ఏ మాత్రం తీసిపోదు. కానీ దాని టరెట్‌లో, అంటే ఫిరంగితో పాటు తిరిగే పైగదిలో, మనిషి ఒక్కడే. వెతకాలి, గుండు పెట్టాలి, గురి చూడాలి, పేల్చాలి, డ్రైవర్‌కు చెప్పాలి, దళ నాయకుడైతే మిగతా ట్యాంకులకు కూడా ఆదేశాలివ్వాలి. పైన తల బయట పెట్టే మూత కూడా లేదు. టరెట్ వెనక తలుపు తెరిచి దాని మీద కూర్చుంటేనే బయటి ప్రపంచం కనబడేది. అదే సమయంలో జర్మన్ పాంజర్ 3 టరెట్‌లో ముగ్గురు ఉండేవారు. గన్నర్ గురి చూస్తాడు, లోడర్ గుండ్లు పెడతాడు. కమాండర్ పని చూడటం, చెప్పడం. ఆయన తల చుట్టూ ఐదు చీలికలతో ఒక చిన్న బురుజు, దాన్నే క్యూపోలా అంటారు. కాగితం మీద బలహీనమైన బండి, ముందుగా చూసి ముందుగా పేల్చగలిగింది.

సోవియట్ ట్యాంకు టీ-34 కథ దీనికి ఇంకా మంచి ఉదాహరణ. 1941లో దాని ఏటవాలు కవచాన్ని చూసి జర్మన్లు కంగారుపడ్డారు. కానీ లోపల కమాండరే గన్నర్. గురి అద్దానికి కన్ను ఆనించాడంటే చుట్టుపక్కల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. టరెట్ పైన ఒకే ఒక పెద్ద మూత, అదీ ముందుకు తెరుచుకునేది. తెరిస్తే ఎదుటి దృశ్యానికి అదే అడ్డం. తర్వాతి టరెట్‌కు రెండు గుండ్రటి మూతలు పెట్టారు. రెండూ తెరిచి ఉంటే చెవుల్లా కనబడి జర్మన్ సైనికులు దానికి ‘మిక్కీ మౌస్’ అని పేరు పెట్టారు. డ్రైవర్ పెరిస్కోపుల్లో కొన్నాళ్లు గాజు అద్దాలకు బదులు మెరుగుపెట్టిన ఉక్కు రేకులు వాడారు. అందులో కనబడేది ఊగిసలాడే మసక బొమ్మే. 1942లో అమెరికన్లు అబర్డీన్‌లోని తమ పరీక్షా కేంద్రంలో ఒక టీ-34ను పరీక్షించి దాని గురి అద్దాన్ని బాగా మెచ్చుకున్నారు. చుట్టూ చూసే పరికరాల గురించి మాత్రం పెదవి విరిచారు. ఒకే బండిలో గురికి మంచి కన్ను, వెతకడానికి చెడ్డ కన్ను.

ఆ బండి లోపల పని ఎలా సాగేదో సైనికుల జ్ఞాపకాల్లో ఉంది. డ్రైవర్ తన ముందున్న మూతను అరచేయి వెడల్పున తెరిచిపెట్టుకుని నడిపేవాడు. ప్రాణాపాయమని తెలుసు, కానీ మూసేస్తే దారే కనబడదు. కమాండర్ కాళ్లు సరిగ్గా డ్రైవర్ భుజాల మీద ఉండేవి. ఎడమ భుజం నొక్కితే ఎడమకు, కుడి భుజం నొక్కితే కుడికి. ఇంటర్‌కమ్‌ను నమ్మడం కన్నా బూటును నమ్మడం మేలు. లోడర్‌కు పిడికిలి చూపిస్తే కవచం చీల్చే గుండు, చేయి విప్పి చూపిస్తే పేలి చెదిరే గుండు. మన ద్వారకా బస్‌స్టేషన్‌లో కండక్టర్ వెనక నిలబడి ‘‘రైట్ రైట్... హోల్డాన్’’ అంటుంటే ఆ మాట మీదే బస్సును వెనక్కి తీసే డ్రైవర్ ఎలాగో, మూత వేసిన ట్యాంకు డ్రైవర్ కూడా అంతే. తేడా అల్లా, ఇక్కడ కండక్టర్ కూడా ఒక సందులోంచే చూస్తున్నాడు, పైగా టికెట్లూ ఆయనే కొడుతున్నాడు. సోవియట్లు 1944లో టీ-34-85తో టరెట్‌లో మూడో మనిషిని కూర్చోబెట్టి, కమాండర్‌కు క్యూపోలా, ఎంకే-4 ఇచ్చారు. కొత్త 85 మిల్లీమీటర్ల ఫిరంగి గురించే అందరూ మాట్లాడతారు. నన్నడిగితే ఆ మూడో మనిషి విలువ ఫిరంగి విలువకు తక్కువేం కాదు.

జర్మన్లకు మాత్రం అన్నీ కుదిరాయా అంటే లేదు. వాళ్ల పాంథర్ ట్యాంకు గన్నర్‌ను తీసుకోండి. ఆయనకున్న టెలిస్కోపులో రెండు స్థాయులు: రెండున్నర రెట్లు పెద్దగా చూస్తే 28 డిగ్రీల మేర, ఐదు రెట్లు పెద్దగా చూస్తే 14 డిగ్రీలు. లెక్క కడితే కిలోమీటరు దూరంలో 28 డిగ్రీలంటే దాదాపు 500 మీటర్ల వెడల్పు, 14 డిగ్రీలంటే 245 మీటర్లే. ఎంత పెద్దగా చూడాలనుకుంటే అంత తక్కువ మేర కనబడుతుంది, ఇది గాజు పెట్టే షరతు. ఆ టెలిస్కోపు తప్ప పాంథర్ గన్నర్‌కు బయటికి చూసే దారి ఇంకొకటి లేదు. ‘‘ఎడమ పక్క, చింత చెట్టు వెనక’’ అని కమాండర్ చెబితే, ఆ చెట్టు ఎక్కడుందో గన్నర్‌కు తెలిసే వీలు లేదు. యుద్ధం తర్వాత పాంథర్లను కొంతకాలం వాడిన ఫ్రెంచి సైన్యం, కమాండర్ చూపించిన గురిని గన్నర్ అందుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతోందని నివేదిక రాసింది. ఎదుటి వాడి గొట్టం మీ వైపు తిరుగుతుంటే 30 సెకన్లంటే చాలా ఎక్కువ.

షెర్మన్‌లో గన్నర్‌కు టెలిస్కోపుతో పాటు, ఏమీ పెద్దది చేయకుండా ఉన్నది ఉన్నట్టు చూపించే వెడల్పాటి పెరిస్కోప్ కిటికీ ఉండేది. ముందు దాంట్లో చెట్టును చూసి, తర్వాత కన్ను కాస్త పక్కకు జరిపి గురిపెట్టేవాడు. కమాండర్ కూడా తన దగ్గరున్న పిడితో టరెట్‌ను తానే తిప్పగలడు. మోటారు మీద పూర్తి చుట్టు తిరగడానికి 15 సెకన్లు. కవచంలో, ఫిరంగిలో పాంథర్ ముందు షెర్మన్ తేలిపోతుంది, నిజమే. కానీ మొదటి గుండు ఎవరు వేస్తారన్న దగ్గర లెక్క మారేది. దాని లోపం దానికీ ఉంది. కొత్త 76 మిల్లీమీటర్ల ఫిరంగి పేల్చగానే పొగ, దుమ్ము లేచి గన్నర్‌కు గుండు ఎక్కడ పడిందో కనబడేది కాదు. గొట్టం కొసన మజిల్ బ్రేక్ బిగించి, వాయువులు పక్కలకు పోయేలా చేశాకే అది తగ్గింది. ఫొటోల్లో కొన్ని షెర్మన్ గొట్టాల చివర కనబడే ఆ ఉబ్బు వెనక కారణాల్లో చూపు కూడా ఒకటి.

ఇన్ని పరికరాలు వచ్చినా, అన్ని సైన్యాల్లోనూ కమాండర్లు చేసిన పని ఒకటే: మూత తెరిచి తల బయట పెట్టడం. మనిషి రెండు కళ్లు ఒక్క చూపులో పట్టే మేరను పెరిస్కోపుల వరస పట్టలేదు. పైగా తల బయట ఉంటే చెవులు కూడా కొంత పనికొస్తాయి. శత్రువు కాల్బలానికి ఈ సంగతి తెలుసు. మామూలు తుపాకీతో ట్యాంకును ఏమీ చేయలేరు, కానీ తూటాల వాన కురిపించి మూత వేయిస్తే సగం పని అయినట్టే. సోవియట్ సైనికుల 14.5 మిల్లీమీటర్ల ట్యాంకు వ్యతిరేక రైఫిళ్లు చూపు చీలికల్నే వెతుక్కునేవి. మూత పడిన ట్యాంకు చుట్టూ కొన్ని మీటర్ల నేల లోపలివాళ్లకు అసలు కనబడదు. మందుపాతర పట్టుకున్న సైనికుడికి అన్నిటికన్నా భద్రమైన చోటు, విచిత్రంగా, ట్యాంకుకు ఆనుకున్న జాగాయే. అందుకే కాల్బలం తోడు లేకుండా ట్యాంకులు ఊళ్లలోకి వెళ్లడానికి జంకుతాయి. బయట నడిచే సైనికుడు లోపలివాళ్లతో మాట్లాడటానికి షెర్మన్ల వెనక టెలిఫోన్ పెట్టె తగిలించారు.

మన యుద్ధాల్లోనూ ఇదే తంతు. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు దూరాన్ని లెక్కగట్టే ఆప్టికల్ రేంజ్‌ఫైండర్లు ఉన్నాయి. ఆ కాలానికి అది ఖరీదైన కన్ను. కానీ అవి దిగింది నిలువెత్తు చెరకు తోటల్లోకి, మనవాళ్లు నీళ్లు వదిలిన పొలాల్లోకి. చెరకు మధ్య కిలోమీటర్లు చూసే గాజు ఎందుకు పనికొస్తుంది? పంటలో జీపును దాచుకుని, ట్యాంకులు బాగా దగ్గరికొచ్చేదాకా ఆగి 106 మిల్లీమీటర్ల తుపాకీతో కొట్టిన అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది.

1971 నవంబర్‌లో, మన విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ మునగడానికి కొద్ది రోజుల ముందు, తూర్పు పాకిస్తాన్‌లోని గరీబ్‌పూర్ దగ్గర మన ‘45 కావల్రీ’ దళం పీటీ-76 ట్యాంకులు పాకిస్తాన్ చాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నాయి. తెల్లవారుజాము, దట్టమైన మంచు. మంచులో పెరిస్కోపులు ఇంకాస్త దండగ. స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ క్యూపోలాలో నిలబడి తన ట్యాంకుల్ని నడిపిస్తూ మెషిన్‌గన్ తూటాలకు బలయ్యారు. మరణానంతరం మహావీర చక్ర. తల బయట పెట్టడం చాలాసార్లు తెగువగా రాస్తారు. తెగువే, కాదనను. కానీ అది లెక్క కూడా. చూడని ట్యాంకు ఎలాగూ బతకదు. 1973 యుద్ధంలో ఇలాగే చాలామంది కమాండర్లను పోగొట్టుకున్న ఇజ్రాయెల్ ఒక మధ్యేమార్గం పట్టింది: గొడుగులా కాస్త పైకి లేచి ఆగే మూత. నెత్తిన ఇనుము ఉంటుంది, చుట్టూ సందులోంచి నేరుగా చూడొచ్చు.

రాత్రి చూపు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1945లో జర్మన్లు కొన్ని పాంథర్లకు పరారుణ దీపం పెట్టి చూశారు. తర్వాత టీ-55 లాంటివాటికి అది మామూలైంది. కంటికి కనబడని దీపం వేసి, ఆ వెలుతురు చూడగల అద్దంలోంచి చూడాలి. ఎదుటివాడి దగ్గరా అదే అద్దం ఉంటే మీ దీపం వాడికి లైట్‌హౌసే. దీపం అక్కర్లేని పరికరాలు ఆ తర్వాత వచ్చాయి. ఉన్న నక్షత్రకాంతినే పెంచి చూపేవి మొదట, వస్తువుల వేడిని బట్టి బొమ్మ గీసే థర్మల్ ఇమేజర్లు తర్వాత. మన మచిలీపట్నంలో పాత ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో కలుపుకున్న భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ తయారు చేసేవాటిలో రాత్రి చూపు పరికరాలూ ఉన్నాయి. థర్మల్ కిరణాలు మామూలు గాజును దాటలేవు, అందుకే ఆ కటకాలను జెర్మేనియంతో చేస్తారు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో ఇసుక తుపాను మధ్య అమెరికన్ ట్యాంకులు థర్మల్ చూపుతో ఇరాకీ టీ-72లను వరసగా కొట్టాయి. ఇరాకీ గన్నర్లకు ఎదుట ఇసుక తప్ప ఏమీ కనబడలేదు.

అయినా పాత ప్రశ్న, అంటే వెతికేదెవరు అన్నది, మళ్లీ మొదటికే వచ్చింది. తొలి థర్మల్ ట్యాంకుల్లో ఆ ఖరీదైన కన్ను గన్నర్‌దే. కమాండర్ అదే బొమ్మను పక్కనుంచి చూసేవాడు. కమాండర్‌కు విడిగా తిరిగే సొంత థర్మల్ చూపు ఇచ్చాకే, గన్నర్ ఒకదాన్ని కొడుతుండగా కమాండర్ ఇంకోదాన్ని వెతికే పద్ధతి కుదిరింది. 1940లో పాంజర్ 3లో ఉన్న పని విభజనే అది, ఎలక్ట్రానిక్స్ తొడుక్కుని వచ్చింది.

ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఇంకో మెలిక పడింది. పెరిస్కోపులన్నీ నేల వైపు, దిగంతం వైపు చూసేలా పెట్టినవి. చావు ఇప్పుడు నడినెత్తి నుంచి, డ్రోన్ రూపంలో వస్తోంది. మూత తెరిస్తే డ్రోన్, మూస్తే గుడ్డితనం. అందుకే ట్యాంకులు చాలాసార్లు చెట్ల వెనక ఆగిపోయి, కనబడని గురి మీద దూరం నుంచి గుండ్లు వేస్తున్నాయి. పైనున్న తమ డ్రోన్ పంపే బొమ్మను ఎవరో ట్యాబ్లెట్‌లో చూసి ‘కాస్త కుడికి, ఇంకొంచెం ముందుకు’ అని రేడియోలో చెబుతారు. గన్నర్ టెలిస్కోపులో కన్ను పెట్టే పనే ఉండదు, కోణం సర్దుకుంటే చాలు. రేడియోకు అడ్డు తగిలి డ్రోన్ బొమ్మ పోయిందా, కమాండర్ మళ్లీ క్యూపోలా పెరిస్కోపుల వంక చూడాల్సిందే. డ్రైవర్ బండిని వెనక్కి తీయాల్సింది ఆయన మాట మీదే.